ఆ మూడు వేళ్ల పిట్టను చేనుకే పంపించండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శనక్కాయ చేను, మధ్యలో కందిసాళ్లు. నిన్న కలుపు తీస్తాంటే మా తమ్మునికి గెనిమ పక్కన బొటనవేలంత పిట్టపిల్లలు రెండు దొరికినాయి. గంపలో వేసుకొచ్చి మావానికి ఇచ్చినాడు. వాడు అయిదో తరగతి. అట్టపెట్టెలో పెట్టుకొని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారేసరికి ఒకటి చచ్చిపోయింది. ఒకటే ఏడుపు. మా తమ్ముడేమో ‘ఏడవద్దు అల్లుడా, వల తెచ్చి పెద్దవే పది పట్టిస్తా’ అంటాడు. మా ఆయన ఫారం కౌజుల జత కొనిస్తానంటాడు. మా అత్త పిట్టల ఉసురు మనకొద్దంటుంది. బడి నుంచి వస్తూనే ఈ గుండ్రటి పిట్టల కోసం చేనికాడికి పరిగెత్తడం వానికి ముందు నుంచీ ఉండేదే. వీటిలో ఏముందని ఇంత మోజు? చదువు పాడైపోదు కదా? ‘కాలికి మూడే వేళ్లున్నాయి, వెనక వేలు లేదు, ఇది అవిటిదా అమ్మా’ అని కూడా అడిగినాడు. ఇంకొక మాట, ఇవి పంటకు చెడుపు చేస్తాయా?

– ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం ఫోన్‌లో అందిన పూటే మీకు చెప్పిన ముక్కను ముందు ఇక్కడ రాస్తున్నాను. ఈ వానాకాలంలో ఇదే చిక్కు ఇంకొందరి ఇళ్లలోనూ ఉంటుంది, పత్రిక వచ్చేదాకా ఆగే సంగతి కాదు. మిగిలిన పిల్లను దొరికిన చోటనే వదిలేయాలి. ఆ రోజే, పొద్దు గూకకముందే.

అట్టపెట్టెలో మెత్తటి పాతగుడ్డ పరిచి, మూతకు రెండు చిల్లులు పెట్టి, మూసి తీసుకెళ్లాలి. చీకట్లో పిట్ట కుదురుగా ఉంటుంది, దారిలో మాటిమాటికీ తీసి చూస్తే బెదిరిపోతుంది. నోట్లో పాలు గానీ నీళ్లు గానీ పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే అంతే సంగతులు. నూకలు వేసినా తినదు, ఈ వయసులో దానికి కావాల్సింది చెదలు, చిన్న పురుగులు. దొరికిన గెనిమకు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. గడ్డి దట్టంగా ఉండి, ఎండ నేరుగా తగలని చోట కింద పెట్టి, మనుషులు దూరంగా వచ్చేయాలి. ఇంటి కుక్క వెంట రాకూడదు. పిల్ల సన్నగా అరుస్తుంది, అరవనివ్వండి. పెద్దపిట్టకు అదే ఆనవాలు. మనిషి చెయ్యి తగిలిన పిల్లను పిట్ట మళ్లీ దగ్గరికి చేర్చుకోదని ఊళ్లో తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. అది వట్టిమాట. ఒకవేళ ఆ చేను అప్పటికే దున్నేసి ఉంటే, దాన్ని ఆనుకొని ఉన్న గడ్డి గెనిమ గానీ కందిసాలు గానీ చాలు. దెబ్బ తగిలి నడవలేని పిల్ల అయితే మాత్రం దగ్గర్లోని అటవీశాఖ రేంజి ఆఫీసుకు అప్పజెప్పండి.

మొదటిది ఎందుకు పోయిందో మీవాడికి దాచకుండా చెప్పండి. గుడ్డులోంచి వచ్చిన మొదటి రోజుల్లో ఈ పిల్లలకు ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి ఉండదు. కాసేపు తిరిగి తింటాయి, వణుకు పుట్టగానే పెద్దపిట్ట రెక్కల కింద దూరతాయి, ఒళ్లు కాగగానే మళ్లీ బయటికొస్తాయి. రాత్రి మొత్తం అట్టపెట్టెలో ఆ వేడి ఎక్కడిది? పిల్లాడు ఎంత ప్రేమగా మేలుకొని చూసినా ఆ లోటు తీరదు. ‘నువ్వు చంపావు’ అనకండి, ‘అది దేవుడి దగ్గరికి పోయింది’ అని తప్పించుకోకండి. చలికి పోయింది. పదేళ్లవాడికి ఆ మాట అర్థమవుతుంది, రెండోదాన్ని తనే వదిలిపెట్టడానికి ఆ అర్థం కావడమే పనికొస్తుంది.

ఇక వేళ్ల లెక్క. మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది అదే. వాడు చూసింది అవిటి పిట్టను కాదు, పూరేటిని. కౌజుకు, బీళ్లలో తిరిగే దాని చుట్టం లావుకకు కాలి వెనక చిన్న వేలు ఉంటుంది. పూరేటికి ఉండదు, ముందుకు చూసే మూడు వేళ్లే. చూడ్డానికి ఇవన్నీ ఒకే కుదురు, అదే బొద్దు ఒళ్లు, అదే గోధుమరంగు మీద నల్లచారలు, అదే తోక లేనట్టుండే వెనకభాగం. అయినా పూరేడు కోడి జాతికి చెందిన కౌజులకు చుట్టం కాదు. చెరువు ఒడ్డున తిరిగే చిత్తడి పిట్టల వంశానికి దగ్గర. గడ్డిలో ఒకే రకం బతుకు బతకడంతో రెంటికీ ఒకే రకం ఒళ్లు వచ్చింది. పెద్దవాళ్లు కూడా దాటిపోయే ఆ తేడాను పిల్లాడు ఏడుస్తూనే పట్టుకున్నాడు. చదువు పాడవుతుందని బెంగపడుతున్నారు గానీ, ఇంత శ్రద్ధగా చూడగలిగే కన్నున్న పిల్లాడు చదువుకు దూరమవుతాడని నేను అనుకోను.

పూరేటి సంసారం గురించి చెప్తే మీ ఇంట్లో రెండు రోజులు మాటలు నడుస్తాయి. ఇందులో ఆడది పెద్దది, రంగున్నది. గొంతు నుంచి రొమ్ము నడుమ దాకా నల్లగా ఉంటుంది. మగది కొంచెం చిన్నది, వెలవెలబోయి ఉంటుంది. వానలు పడ్డాక పొద్దునా సాయంత్రమూ చేలో ‘డ్ర్‌ర్‌ర్...’ అని ఆగకుండా ఒక మోత వినిపిస్తుంది, దూరంగా ఎక్కడో మోటార్‌సైకిల్ పోతున్నట్టు. ఎటు నుంచి వస్తోందో అంతు చిక్కదు. అది ఆడపిట్ట గొంతు. మగవాణ్ని పిలవడానికీ అదే, ఇంకో ఆడపిట్టను పోట్లాటకు రమ్మనడానికీ అదే. గడ్డి మొదట్లో చిన్న గుంటలో మూడో నాలుగో గుడ్లు పెట్టి, తన దారిన తను ఇంకో మగపిట్టను వెతుక్కుంటూ పోతుంది. పొదగడం, పిల్లల్ని తిప్పడం, మొదట్లో ముక్కుతో అందించి తినిపించడం అంతా మగదాని పనే. పన్నెండు రోజుల చిల్లరకే పిల్లలు బయటికొస్తాయి, పుట్టగానే నడిచే పిల్లలున్న పిట్టల్లో ఇంత తొందరగా పొదిగేవి తక్కువ. పుట్టిన రోజే నడక, రెండు వారాలు తిరిగేసరికి ఎంతో కొంత ఎగరడం. కాబట్టి గెనిమ దగ్గర మీ పిల్ల కోసం వెతుకుతూ ఉండేది తల్లి కాదు, తండ్రి. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పి ఏమంటారో నాకు రాయండి.

ఏముందని ఇంత మోజు అన్నారు. ఉందమ్మా, చాలా ఉంది. మనిషి బొద్దుగా ఉంటే తిండి తగ్గించమని సలహా ఇచ్చేవాళ్లు ఊరి నిండా ఉంటారు. పిట్ట బొద్దుగా ఉంటే ముద్దొస్తుంది. గుండ్రటి తల, పెద్ద కన్ను, చిన్న ముక్కు, కనపడీ కనపడని మెడ, ఇవన్నీ పసిపిల్లల లక్షణాలు. అవి కనిపించగానే మన చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. పిట్టకు మాత్రం ఆ గుండ్రదనం బతుకుతెరువు. రొమ్ము అంత ఎత్తుగా ఉండేది రెక్కలాడించే కండ అంతా అక్కడే ఉండడంవల్ల. కాలు వేసేదాకా కదలకుండా కూర్చొని, ఆఖరి క్షణంలో బుర్రుమని లేచి, ఒక సాలు దాటి మళ్లీ గడ్డిలో పడిపోవాలంటే ఆ కండ కావాలి. పొట్టి రెక్కలు, పొట్టి తోక కాబట్టే శనక్కాయ మొక్కల మధ్య ఎక్కడా తగులుకోకుండా పరిగెత్తగలదు. చలిపొద్దున మరీ ఉబ్బి కనిపించేది ఈకలు లేపి వాటి మధ్య గాలిని పట్టి ఉంచుకోవడానికి. ఆ ఈకలన్నీ తీస్తే లోపల పిట్ట ఎంత ఉంటుందని? వేటాడి తెచ్చినవాళ్లకు ఆ సంగతి తెలుసు, గిన్నెలోకి వచ్చేసరికి మూడు వేళ్ల కండ కూడా ఉండదు.

లావుకల తీరు ఇంకా వింత. గుట్ట వాలున, రేగిపొదలు, తంగేడు ఉన్న బీడులో అరడజనో డజనో కలిసి తిరుగుతాయి. రాత్రి పడుకునేటప్పుడు ఒళ్లూ ఒళ్లూ ఆనించి గుండ్రంగా సర్దుకుంటాయి, తలలన్నీ బయటి వైపుకు. నక్క ఏ వైపు నుంచి వచ్చినా ఏదో ఒక కంట పడుతుంది. అదిరిపడితే అన్నీ ఒక్కసారే తలోదిక్కుకూ లేస్తాయి, ఏదాన్ని తరమాలో వచ్చినవాడికి తెలియదు. కాసేపయ్యాక ఒక పొద కింద నుంచి మెల్లగా ఈల. ఇంకో పొద నుంచి జవాబు. అలా పిలుచుకుంటూ గుంపు మళ్లీ ఒకచోట చేరుతుంది. మీవాడు ఈ ఈలలు ఒక్కసారి వింటే పెట్టెలోని పిట్టను చూడబుద్ధి కాదు.

మీ తమ్ముడి మాటకు వస్తాను, మీ అసలు ఇబ్బంది అక్కడే ఉందని నాకు అనిపించింది. మేనమామ ప్రేమగా ఇస్తానన్నదాన్ని కాదనడం కష్టం. ఆయన్ను తిట్టకండి, చట్టం పేరు చెప్పి భయపెడుతూ మొదలుపెట్టకండి. చట్టం ఉన్నది నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పూరేళ్లను, కౌజులను, లావుకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఆయనకు అది తెలిసి ఉండాలి కూడా. కానీ ఆయనకు పట్టే కారణం వేరే ఉంది, వలలో పడే పెద్దపిట్ట ఏది? మగదైతే దాని వెనక చేలో ఉన్న పిల్లలన్నీ ఆ రాత్రే మీ అట్టపెట్టెలో పిల్ల పోయినట్టు పోతాయి. ఆడదైతే గుడ్లు పెట్టే పిట్ట పోయినట్టు. పాత వేటగాళ్లు ఒక ఆడపూరేటిని పంజరంలో పెట్టి చేలో ఉంచేవాళ్లు. దాని మోత విని పోట్లాటకు వచ్చిన ఆడపిట్టలన్నీ వరసగా చిక్కేవి. అలా చేస్తే చేనుకు చేను ఖాళీ అయిపోతుంది.

పట్టినా అవి నిలవవు. నేల మీద బతికే ఈ పిట్టలు బెదిరితే పక్కకు పోవు, నిట్టనిలువుగా పైకి ఎగురుతాయి. పంజరం పైకప్పుకు తల కొట్టుకుంటాయి. మళ్లీ మళ్లీ అదే. నెత్తిమీద ఈకలు ఊడి, తోలు చిట్లి, నెత్తురు కారుతున్న పిట్టను పిల్లాడు రోజూ చూడాల్సి వస్తుంది. ఆ మాట మీ తమ్ముడితో వాడి ముందు కాకుండా విడిగా చెప్పండి.

ఆ తర్వాత ఆయనకు ఒక పని అప్పగించండి. పిట్ట ఎక్కడ దుమ్ములో పొర్లుతుందో, ఏ వేళకు గెనిమ ఎక్కుతుందో పట్టేవాడికి తెలిసినంతగా పుస్తకం చదివినవాడికి తెలియదు. మీ పక్క జిల్లా కడపలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. కలివికోడి అని పొదల మధ్య రాత్రిపూట తిరిగే పిట్ట, రొమ్ము మీద రెండు పట్టీలుంటాయి. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1986లో లంకమల ప్రాంతంలో మళ్లీ బయటపడింది. శాస్త్రవేత్తలు బొమ్మలు పట్టుకొని ఊరూరా తిరిగి అడిగితే, దాని ఉనికి తెలిసినది అక్కడి పిట్టలు పట్టేవాళ్లకే. రాత్రి టార్చిలైటు వెలుతురులో పట్టుకొని చూపించారు. దొరికిన ఆ పిట్ట చెరలో బతకలేదు, అదీ నిజమే. కానీ దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. మీ తమ్ముడి దగ్గర ఉన్నది అలాంటి జ్ఞానమే. ఆదివారం పొద్దున ఆరు గంటలకు అల్లుణ్ని వెంటబెట్టుకొని వల లేకుండా చేను చూపించుకు రమ్మనండి. మామ చేతిలో వల ఉంటే ఎంత గొప్పో, మామ వేలు పెట్టి చూపిస్తే అంతకంటే ఎక్కువ గొప్ప ఆ వయసువాడికి.

చూడ్డానికి ఒక పద్ధతి ఉంది. వెంటపడితే పూరేడు కనపడదు, బుర్రుమని లేచిన వీపు తప్ప. కందిసాలు పక్కన, మొఖాన ఎండ పడకుండా, కదలకుండా కూర్చోవాలి. ముందు మోత వినిపిస్తుంది, తర్వాత ఆకులు కదులుతాయి. తర్వాత సాలు నడుమ ఖాళీలోకి ఒక పిట్ట వచ్చి ఆగుతుంది. ఒక కాలు ఎత్తి, దించకుండా, ముందుకూ వెనక్కీ ఊగుతుంది. అడుగు వేస్తుందనుకుంటే వేయదు. తర్వాత తటాలున రెండు గింజలు ఏరుకొని అవతలి సాలులోకి పోతుంది. మొత్తం ఇంతే, దీనికోసమే గంటసేపు కూర్చోవాలి. పదునుకు ఆరిన ఎర్రమట్టిలో దోసిలంత గుంటలుంటే అవి దుమ్ముస్నానం చేసే చోట్లు. పక్కనే చారల ఈక ఒకటి దొరికితే దాన్ని కూడా అక్కడే ఉంచి బొమ్మ గీసుకోమనండి. తేదీ, వేళ, వాన పడిందా లేదా, ఏం విన్నాడు, ఇవన్నీ ఒక పాత నోటుబుక్కులో రాయమనండి. ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, పిట్టల ఫొటోలు, అరుపులు ఉంటాయి. ఇంట్లో వినొచ్చు, చేలో మాత్రం వినిపించకూడదు. పోటీకి ఇంకోటి వచ్చిందనుకొని ఉన్న పిట్ట పనులు మానుకొని వెతుకుతుంది.

మీ ఆయన ఫారం కౌజుల గురించి రెండు మాటలే. అవి జపాన్ కౌజులు, 1974లో మన దేశానికి ఫారాల కోసం తెచ్చినవి. పెంచడం సులువు, ఆరేడు వారాలకే గుడ్లు పెడతాయి. తరతరాలుగా మిషన్లలో పొదిగిస్తూ వచ్చినందువల్ల గుడ్ల మీద కూర్చునే బుద్ధే వాటికి దాదాపు పోయింది. గుడ్డుకో కూరకో అయితే తెచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పిల్లాడి ఏడుపు మాన్పడానికైతే అనవసరం, వాడికి కావాల్సింది ఆ పిట్ట కాదు. తెచ్చినా చేలో మాత్రం వదలొద్దు. సాయంత్రానికల్లా ముంగిసకో పిల్లికో దొరుకుతాయి, ఫారం జబ్బులేమన్నా ఉంటే అడవివాటికి అంటుకుంటాయి.

అత్తగారు ఉసురు అన్నది నేను కొట్టిపారేయను. కారణం వేరే చెప్పినా ఆమె చెప్పిన పని సరైనదే.

వీలు కుదిరితే వానలు తగ్గాక మీవాణ్ని రోళ్లపాడు తీసుకెళ్లండి. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో ఉంది, ఆరువందల పైచిలుకు హెక్టార్ల గడ్డిబీడు. 1988లో బట్టమేక అనే పెద్ద గడ్డిబీడు పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఇప్పుడు బట్టమేక కనపడాలంటే గగనమే గానీ, గడ్డిలో బతికే చిన్నపిట్టల్ని చూడ్డానికి మంచి చోటు. డబ్బులు పెట్టి అంతదూరం పోలేకపోయినా నష్టం లేదు, మీ చేనే గడ్డిబీడుకు చెల్లెలు.

చివరగా పంట. పూరేళ్లు, లావుకలు తినేది ఎక్కువగా గడ్డిగింజలు, కలుపు గింజలు, చెదలు, చీమలు, చిన్న పురుగులు. శనక్కాయను నేలలోంచి తవ్వుకు తినే శక్తి ఆ ముక్కుకు లేదు, ఆ పని అడవిపందులది. కాబట్టి మీ ఆయనకు నేను అడిగేది రెండే. ఒకటి, శనక్కాయ పీకేటప్పుడు చుట్టూ నుంచి లోపలికి రాకుండా చేను నడుమ మొదలుపెట్టి గెనిమల వైపు పోవాలి. బయటి నుంచి వస్తే పిల్లలన్నీ నడుమన చిక్కుకొని ట్రాక్టరు బ్లేడు కింద పడతాయి. లోపలి నుంచి పోతే ముందుగానే గెనిమ గడ్డిలోకి జారుకుంటాయి. రెండోది, ఎండాకాలంలో అన్ని గెనిమలూ కాల్చేయకుండా ఒక్కదాని మీద గడ్డి వదిలేయాలి. ఏ గెనిమ వదలాలో మీవాణ్ని, వాడి మామను కలిసి తేల్చుకోమనండి.